డిక్కీలో నీళ్ళు



పోయిన వారం ఏమీ రాయలేదేం అయ్యగారూ అని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. హైదరాబాద్ పాతబస్తీలో, యాకుత్‌పురాలో, కారు డిక్కీలో కూర్చున్నానంటే నవ్వారు. నిజంగానే కూర్చున్నాను. డిక్కీ మూత వేసి ఉంది, నా చేతిలో టార్చి ఉంది, బయట ఒకాయన పైపుతో కారు మీద నీళ్ళు కొడుతున్నాడు. నీళ్ళు లోపలికి ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టడం నా పని. ఆ సంగతే ఈ వారం రాస్తున్నాను. నేను సిగ్గుపడవలసింది కూడా అందులో ఉంది. అది వదిలేసి మిగతాది రాయడానికి మనసొప్పలేదు.

మాది దేవరకొండ వైపు పల్లె. సంఘం చిన్నది, చుట్టూ తండాలు. కూడికలకు బైకు మీద తిరిగేవాడిని. ఐదేళ్ళ కిందట సంఘస్థులంతా చందాలు వేసి నాకొక పాత కారు కొనిచ్చారు. పత్తి అమ్మిన డబ్బులోంచి తీసి ఇచ్చినవాళ్ళున్నారు, కూలికి పోయి వందా రెండు వందలు ఇచ్చిన అక్కలున్నారు. పెద్దల్లో ఇద్దరు మాత్రం పాస్టరుకు కారెందుకు అన్నారు. చాటున కాదు, నా ముందే అన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

డిక్కీ పెద్దది. పరిచర్య సామానంతా దాని కడుపులోనే ఉంటుంది. చాపలు, చిన్న ఆంప్లిఫయరు, పాటల పుస్తకాల అట్టపెట్టె, విధవరాండ్రకు ఇచ్చే బియ్యం, ఇరవై లీటర్ల చల్లనీళ్ళ క్యాను, ఒక డోలక్. డోలక్ సంఘానిది కాదు. మా కూడికల్లో వాయించే ఒక తమ్ముడిది. అతని నాన్న వాయించేవాడు. ఆయన ప్రభువు సన్నిధికి వెళ్ళాక కొడుకు చేతికి వచ్చింది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. సామాను ఎక్కించడం, దించడం, క్యానులో నీళ్ళు నింపడం అన్నీ అతనే. జీతం లేదు, పిలిస్తే వస్తాడు.

ఈ వానాకాలం మొదట్లో డిక్కీ తెరిస్తే ముక్కిపోయిన వాసన రావడం మొదలైంది. చాపలు తడిసి ఉంటాయిలే అనుకున్నాను. ఒక ఆదివారం పాటల పుస్తకాల పెట్టె ఎత్తితే అడుగు అట్ట ఊడి చేతిలోకి వచ్చింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఇరవై కాపీలు ఉంటే, కింది వరసలోవి ఇటుకల్లా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కార్పెట్ పిండితే నీళ్ళు కారాయి. కుడి మూల తడి ఎక్కువగా ఉంది. క్యాను పెట్టేది ఆ మూలనే, దాని పక్కనే డోలక్. డోలక్‌కు ఎడమ వైపు చర్మం, అంటే లావు శబ్దం వచ్చే వైపుది, మెత్తబడి కిందికి దిగిపోయింది. లోపల పూసిన మసాలా పెచ్చులుగా ఊడి, ఊపితే గలగలమంటోంది.

"మూత సరిగ్గా పెట్టవా? చూడు ఏమైందో" అన్నాను.

"గట్టిగనే పెట్టిన అయ్యగారూ."

"మరి నీళ్ళు ఆకాశంలోంచి వచ్చినయా?"

అక్కడ పదిమంది ఉన్నారు. నిజానికి ఆ నీళ్ళు ఆకాశంలోంచే వచ్చాయి, కానీ నాకు అప్పటికి తెలియదు. అతను మారు మాట్లాడలేదు. డోలక్ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. తరవాతి ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు. చప్పట్లతోనే పాడుకున్నాం.

క్యాను ఇంట్లో పెట్టేశాను. వారానికి ఒక పెద్ద వాన పడింది. డిక్కీలో మళ్ళీ నీళ్ళు. ఆ పూటే అతని ఇంటికి వెళ్ళవలసింది. ముందు కారు సంగతి తేల్చుకుని అప్పుడు వెళ్దామనుకున్నాను. ఆ రోజుకు ఆ కారణం నాకు సరిపోయింది.

తేల్చుకోవడానికి నేను చేసినవి చెబితే మీకు నవ్వొస్తుంది. డిక్కీ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ పన్నెండు వందలు పెట్టి కొత్తది వేయించాను. నీళ్ళు ఆగలేదు. బజారులో సిలికాన్ ట్యూబు ఒకటి కొని, లోపలి వైపు కనబడిన సందులన్నిటికీ వేలితో పూశాను. రెండు రోజులు కారంతా వెనిగర్ వాసన. ఆగలేదు. స్టెప్నీ టైరు పెట్టే గుంత అడుగున ఒక రబ్బరు బిరడా ఉంటుంది. వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతాయని అది పీకేశాను. నీళ్ళు పోయాయి గానీ, తండా దారిలో లేచిన దుమ్మంతా ఆ రంధ్రంలోంచి పైకి వచ్చి బియ్యం సంచి మీద కూర్చుంది. మా ఇంటావిడ నాచేతనే బిరడా మళ్ళీ పెట్టించింది.

మా సంఘంలో ఒక అక్క తమ్ముడు సైదాబాద్‌లో ఆటో నడుపుతాడు. "యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఒక ఉస్తాద్ ఉన్నడు. నీళ్ళు యాడికెంచి వస్తున్నయో ఆయన పట్టినట్టు ఎవ్వరూ పట్టరు" అన్నాడు. సోమవారం మాకు కొంచెం తీరిక దినం. తెల్లవారుజామున బయలుదేరి సాగర్ రోడ్డు పట్టుకుని మాల్, ఇబ్రహీంపట్నం దాటి, చంపాపేట మీదుగా పాతబస్తీలోకి వెళ్ళాను.

యాకుత్ అంటే కెంపు. పాత నగరం గోడకు ఇక్కడ యాకుత్‌పురా దర్వాజా అని ఒక ద్వారం ఉండేది. గోడ పోయింది, ద్వారమూ పోయింది. పక్కనున్న దబీర్‌పురా దర్వాజా, అటు మూసీ ఒడ్డున పురానాపూల్ దర్వాజా, ఆ రెండే మిగిలాయి. గల్లీల్లో కారు తిప్పేసరికి నాకు చెమట పట్టింది. ఎదురుగా వచ్చే ఆటోవాళ్ళే పాపం వెనక్కి తీసి దారి ఇచ్చారు. ఉస్తాద్ షెడ్డు రెండు కార్లు పట్టేంత ఉంటుంది. ఫలక్‌నుమా వైపు ఎంఎంటీఎస్ రైలు పోతే మాట ఆపి, రైలు పోయాక అందుకుంటారు. ఉస్తాద్‌కు అరవై దాటి ఉంటాయి. తెలుగు బాగానే మాట్లాడతాడు, మధ్యమధ్య ఆయన భాష కలుస్తుంది.

నేను డిక్కీ తెరవబోతే వద్దన్నాడు. ముందు డ్రైవరు సీటు దగ్గరికి వెళ్ళి సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగి చూశాడు. సీటు కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"ఈ బండి ఎప్పుడన్నా మునిగిందా సాబ్?"

2020 అక్టోబర్‌లో కురిసిన వానకు పాతబస్తీ గల్లీల్లో కార్లు కాగితపు పడవల్లా తేలుతూ పోవడం మీరు కూడా టీవీలో చూసే ఉంటారు. అట్లా మునిగిన బండ్లను కడిగి, ఆరబెట్టి, ఊర్లోవాళ్ళకు అమ్మినవాళ్ళు ఉన్నారని ఉస్తాద్ అన్నాడు. బయట ఎంత కడిగినా బెల్టు లోపలి మడతల్లో బురద చార మిగులుతుందట. సీటు జరిపే పట్టాల్లో, స్టెప్నీ గుంత మూలల్లో సన్నని ఒండ్రు మిగులుతుందట. పాత కారు కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. మా బెల్టు శుభ్రంగానే ఉంది.

"మునిగిన బండి కాదు. ఇది పైకెంచి వచ్చే నీళ్ళు. మొత్తం ఖాళీ చెయ్యి."

చాపలు, ఆంప్లిఫయరు, పాడైపోయిన పుస్తకాలు, డోలక్ అన్నీ దించాను. కార్పెట్ తీశాను, అట్ట తీశాను, స్టెప్నీ తీశాను. కింద రేకు కనబడింది. గుంత చుట్టూ ఎర్రని తుప్పు. కార్పెట్ అడుగున పచ్చని బూజు. నాకు లేవీయకాండము 14వ అధ్యాయము గుర్తొచ్చింది. సెమినరీలో చదివాక మళ్ళీ ఎవరూ దాని మీద ప్రసంగం చేయగా నేను వినలేదు, నేనూ చేయలేదు. ఇంటి గోడల్లో పచ్చగానో ఎర్రగానో మచ్చలు కనబడితే ఏం చేయాలో అందులో ఉంటుంది. ఇంటివాడే యాజకుని దగ్గరికి వచ్చి చెప్పుకోవాలి. యాజకుడు అడుగు పెట్టకముందే ఇల్లంతా ఖాళీ చేయాలి. అప్పుడు చూసి, ఏడు దినాలు ఇల్లు మూసి ఉంచి, మళ్ళీ వచ్చి చూడాలి. ఉస్తాద్ చెప్పిన వరస కూడా ఇదే కదా అనుకుని, వెంటనే దీన్ని వచ్చే ఆదివారం ప్రసంగంలో ఎట్లా వాడాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను. మా పాస్టర్లకు ఉన్న జబ్బు ఇది. ఇంకా రోగమే తేలలేదు, నేను ప్రసంగం దాకా వెళ్ళిపోయాను.

రేకంతా పొడిగుడ్డతో తుడిచాక ఉస్తాద్ పది రూపాయల నోటు అడిగాడు. దాన్ని బీడింగ్ మీద పెట్టి డిక్కీ మూసి, నోటును మెల్లగా లాగాడు. బిగువుగా వచ్చింది. జానెడు పక్కకు జరిపి మళ్ళీ పెట్టాడు. అట్లా చుట్టూ చూశాడు. ఎక్కడా వదులుగా జారలేదు. "బీడింగ్ మంచిగుంది. మార్పించి పైసల్ ఖరాబ్ చేసినవ్" అని నోటు నా చేతిలో పెట్టాడు. నేను పూసిన సిలికాన్ చూసి మాత్రం తల పట్టుకున్నాడు. వెనిగర్ వాసన వచ్చే రకం ఇనుప రేకుకు పనికిరాదట, అది ఆరేటప్పుడు వదిలే పులుపే రేకును తినేస్తుందట. పైగా లోపలినుంచి ఎంత పూసినా లాభం లేదన్నాడు. నీళ్ళు అప్పటికే రేకుల మధ్యలోకి దిగి ఉంటాయి, ఒక సందు మూస్తే ఇంకో సందు వెతుక్కుంటాయి.

"నీళ్ళు నిలబడ్డ జాగా వేరు సాబ్, వచ్చే జాగా వేరు. రెండిటి నడుమ అది ఎటెటు తిరిగొచ్చిందో లోపల కూసున్నోడికే కనిపిస్తది."

మామూలుగా ఆయన దగ్గరుండే పిల్లవాడు కూర్చుంటాడట. ఆ రోజు రాలేదు. నేను కూర్చుంటానన్నాను. గాలి ఆడటానికి, భయమేస్తే బయటపడటానికి వెనక సీటు మడిచి పెట్టించాడు. మీరెవరైనా చేయాలనుకుంటే ఆ సీటు మడవకుండా మాత్రం చేయకండి. ముడుచుకుని పడుకున్నాను. మూత పడింది.

పద్ధతి ఏమిటంటే నీళ్ళు కిందినుంచి పైకి పట్టుకుంటూ రావాలి. ముందే పైన పోస్తే నీళ్ళు అన్నిటి మీదుగా జారతాయి, ఏది దొంగో తెలియదు. మొదట బంపర్ కింద పట్టాడు. ఐదు నిమిషాలు. ఏమీ లేదు. తరవాత నంబర్ ప్లేటు దగ్గర. ఏమీ లేదు. కుడి లైటు మీద. నేను టార్చి అటే వేసి చూస్తున్నాను, ఎందుకంటే కుడి మూలే కదా తడి. ఏమీ లేదు. ఎడమ లైటు మీద పట్టినప్పుడూ ఏమీ లేదు. లోపల ఉడికిపోతున్నాను. నీళ్ళ చప్పుడు, రబ్బరు వాసన, దూరంగా రైలు. ఎడమ లైటు పైన, డిక్కీ మూతకూ బాడీకీ మధ్య ఉండే సన్న కాలువలో నీళ్ళు పడ్డాయి. రెండు నిమిషాలు గడిచాయి. అప్పుడు కనబడింది. దారప్పోగంత సన్నగా, ఎడమ వైపు రెండు రేకుల అతుకు వెంట మెరుస్తూ దిగింది. ఒక చోట మాయమై, టైరు గూడు వెనకనుంచి మళ్ళీ పైకి తేలి, చుక్క చుక్కగా గుంతలోకి పడింది.

"వచ్చింది! ఎడమ దిక్కు!" అని లోపలినుంచి అరిచాను.

మా ఇంటి ముందు కారు పెట్టే చోటు కుడి పక్కకు వాలుగా ఉంటుంది. ఎడమ వైపు వచ్చిన నీళ్ళు రాత్రంతా కుడికి జరిగి, క్యాను కింద చేరుతున్నాయి. ఇంతే సంగతి.

ఉస్తాద్ ఎడమ లైటు విప్పాడు. ఆ కాలువ ప్రతి కారుకూ ఉంటుంది. వెనక అద్దం మీదనుంచి జారిన వాన నీళ్ళు అందులో పడి, లైట్ల పక్కనుంచి బయటికి పోవాలి. అది ఒకే రేకు కాదు, రెండు రేకులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసి, ఆ అతుకు మీద సీలెంట్ పూస్తారు. కుడి వైపు ఆ పూత లావుగా, రబ్బరులా ఉంది. ఎడమ వైపు పూతే లేదు. పుట్టీ పెట్టి పైన రంగు కొట్టారు. డిక్కీ మూత వేసినప్పుడల్లా అదిరి, పుట్టీ వెంట్రుకంత చీలింది. పుట్టీకి నీళ్ళు పీల్చే గుణం కూడా ఉందట.

"ఈడ దెబ్బ తగిలిందా సాబ్?"

"పాత ఓనర్ టైంలో తగిలి ఉంటుందేమో" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఆయనకు నేను సంజాయిషీ చెప్పుకోవలసిన పని కూడా లేదు. మాట దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది. ఉస్తాద్ స్క్రూడ్రైవరుతో పుట్టీ గీకి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "పాత ఓనర్ ఐదేళ్ళ కింద ఇచ్చిండన్నవ్. ఈ పని రెండు మూడేళ్ళు కూడా కాలే" అన్నాడు. గట్టిగా అనలేదు. చాయ్ తెప్పించాడు.

రెండేళ్ళ కిందట ఒక రాత్రి కూడిక అయ్యాక చీకట్లో కారు వెనక్కి తీస్తూ పొలం గట్టున పాతిన రాతి కడీకి కొట్టాను. ఎడమ వెనక మూల లోపలికి పోయింది. కారెందుకన్న ఇద్దరు పెద్దల ముఖాలు కళ్ళ ముందు కదిలాయి. మా ఇంటావిడ చీటీ డబ్బు నాలుగు వేలు తీసుకుని, తెలిసినవాళ్ళు లేని ఊళ్ళో ఒక టింకరింగ్ షెడ్డులో రెండు రోజుల్లో సొట్ట తీయించాను. అంత తక్కువకు అంతకన్నా పని ఏం చేస్తారు, వాళ్ళననడానికి లేదు. సంఘానికి చెప్పలేదు. ఎవరూ అడగలేదు. తరవాత నేనే మరచిపోయాను. మరచిపోయానని ఇప్పుడు రాస్తుంటే అది కూడా పూర్తి నిజం కాదనిపిస్తోంది. క్యాను మూత గురించి ఆ తమ్ముడి మీద కేకలేసిన రోజు ఆ కడీ నాకు గుర్తు రాలేదు, అంతవరకు నిజం.

చాయ్ తాగుతూ ఉస్తాద్‌కు మొత్తం చెప్పాను, డోలక్ సంగతితో సహా. ఆయన డోలక్ తీసుకుని రెండు వైపులా తట్టాడు. పాతబస్తీ ముస్లిం ఇళ్ళల్లో పెళ్ళిళ్ళప్పుడు ఆడవాళ్ళు డోలక్ చుట్టూ కూర్చుని పాడే పాటలు ఉన్నాయి, డోలక్ కే గీత్ అంటారు. ఇక్కడ డోలక్ తెలియని ఇల్లుండదు. కట్టె బాగానే ఉంది, చర్మం మార్చి మసాలా వేయిస్తే చాలన్నాడు. రెండు గల్లీల అవతల చేసేవాడి దగ్గరికి నన్ను తనే తీసుకెళ్ళాడు. దారిలో నాతో కారు గురించి గానీ పెద్దల గురించి గానీ ఒక్క మాట మాట్లాడలేదు.

కారు అక్కడే వదిలి ఎంజీబీఎస్‌కు వెళ్ళి దేవరకొండ బస్సెక్కాను. రిపేరు సంగతి త్వరగా చెప్పేస్తాను. పుట్టీ మొత్తం, నేను పూసిన సిలికాన్ మొత్తం గీకేశారు. తుప్పును ఉప్పుకాగితంతో మెరిసే రేకు దాకా రుద్దారు. ప్రైమర్ వేసి ఆరనిచ్చి, అతుకు మీద బయటివైపునుంచి బాడీ సీలెంట్ పూశారు. ఒక రోజు వదిలేసి అప్పుడు రంగు వేశారు. లైటు వెనక గ్యాస్కెట్ కూడా కొత్తది. అంతా కలిపి రెండు వేల ఎనిమిది వందలు. గురువారం వెళ్ళి మళ్ళీ డిక్కీలో పడుకున్నాను. ఈసారి నీళ్ళు అరగంట కొట్టారు. టార్చి ఎటు తిప్పినా పొడిగానే ఉంది.

"ఇప్పుడే ఖుష్ కాకు. కార్పెట్ వెయ్యకు. పాత పేపర్ పరిచి పెట్టు, ఒక వారం వానలు పడనీ. అప్పుడు తెరిచి చూడు" అన్నాడు ఉస్తాద్. లేవీయకాండములో కూడా అంతే కదా, ఏడు దినాలు. ఆయనతో ఆ మాట అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఇంటికి పోకుండా నేరుగా ఆ తమ్ముడి ఇంటికి వెళ్ళాను. చీకటి పడింది. వాళ్ళమ్మ "కూసోండ్రి అయ్యగారూ" అని కుర్చీ వేసింది. అతను గడపలో నిలబడ్డాడు. కడీ సంగతి, పుట్టీ సంగతి, వాలు సంగతి చెప్పాను. క్యాను మూత నువ్వు సరిగ్గానే పెట్టావు, తప్పు నాది, క్షమించమన్నాను. ప్రసంగాలకు అలవాటుపడ్డ గొంతు అంత చిన్న వాక్యానికి తడబడింది. అతను డోలక్ ఒళ్ళో పెట్టుకుని ఎడమ వైపు తట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి తట్టాడు.

"ఇంకా జర పచ్చిగుంది. రెండు రోజులు నీడకు ఆరాలె."

తరవాత కాసేపు ఆగి అన్నాడు. "పదిమంది ముందట అన్నరు గద అయ్యగారూ."

"పదిమంది ముందే చెప్తా."

ఆదివారం ప్రసంగానికి ముందు చెప్పాను. లేవీయకాండము తీయలేదు, ఉదాహరణగా మార్చలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాను. కారెందుకన్న ఇద్దరిలో ఒకాయన ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. ఏమంటాడో అని నిలబడ్డాను.

"ఆ మూలకు రంగు తేడా మేము ఆ నెలనే చూసినం అయ్యగారూ. మీరే చెప్తరని ఊకున్నం" అన్నాడు. రెండేళ్ళు ఊరుకున్నారు.

ఆ తరవాత తొమ్మిది రోజుల్లో నాలుగు వానలు పడ్డాయి. ఒకటి రాత్రంతా కురిసింది. పొద్దున్నే లేచి స్టెప్నీ గుంతలో పరిచిన పేపర్ తీసి చూశాను. గలగలమంది. కార్పెట్ వేశాను.

మొన్న బుధవారం తండాలో కూడిక. ఆ తమ్ముడు వచ్చాడు. చాపలు పెట్టాడు, డోలక్ గుడ్డలో చుట్టి వెనక సీటులో పెట్టుకున్నాడు, డిక్కీలో పెట్టలేదు. నేనేమీ అనలేదు. క్యాను నింపి తెచ్చి కుడి మూలలో పెట్టాడు. మూత బిగించాడు. నా వైపు ఒకసారి చూసి, చెయ్యి మళ్ళీ మూత మీద వేసి ఇంకో చుట్టు తిప్పాడు.